చిక్కులో ఉన్నంతసేపూ

ఎనిమిది మంది ఒక గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. నలుగురు లోపలికి చూస్తుంటారు, నలుగురు బయటికి. టీచరుకు ఎడమవైపు మూడో కుర్చీలో ఉన్నది డాక్టరు కాదు. నీలం చొక్కా వేసుకున్నవాడు లాయరు పక్కన లేడు. ఇలాంటివి ఏడెనిమిది వాక్యాలు చెప్పి, లాయరుకు ఎదురుగా ఎవరున్నారో తేల్చమంటారు. అమీర్‌పేటలోనో నంద్యాలలోనో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకున్నవాళ్ళందరికీ ఈ బల్ల తెలుసు. రీజనింగ్ పేపర్లో ‘పజిల్స్’ అనే భాగం ఇదే. ఆ పరీక్షలు రాసిన పిల్లలు చాలామంది ‘పజిల్ అంటేనే తలనొప్పి’ అంటుంటే విన్నాను. వాళ్ళను తప్పు పట్టలేం. పజిల్‌తో వాళ్ళకు పరిచయమైంది గడియారం కింద, ఉద్యోగం పణంగా పెట్టి.

ఈ బల్లకు ఒక పాత చుట్టం ఉంది. 1962 డిసెంబరు 17న ‘లైఫ్ ఇంటర్నేషనల్’ పత్రికలో ఒక చిక్కు ప్రశ్న అచ్చయింది. ఐదు రంగుల ఇళ్ళు, ఐదు దేశాల మనుషులు, ఐదు పెంపుడు జంతువులు, ఐదు పానీయాలు, ఐదు రకాల సిగరెట్లు. చివర్లో రెండే ప్రశ్నలు: నీళ్ళు తాగేది ఎవరు, జీబ్రా ఎవరిది? దీన్ని ఐన్‌స్టైన్ రాశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, ఆధారమేమీ లేదు. పరీక్షలో వచ్చే బల్ల, ఆ ఐదు ఇళ్ళు ఒకే కుదురువి. పత్రికలో చదివినవాడు మాత్రం కాఫీ చల్లారేదాకా దానితో కూర్చోగలిగాడు. మన పిల్లలకు ఆ తీరిక లేకపోయింది.

గడియారం తీసేసినా ఇలాంటివి నచ్చనివాళ్ళుంటారు. అదీ సబబే. ‘సంగీతం నచ్చదు’ అనేవాడికి ఒక్క పాటే వినిపించామేమో చూసుకోవాలి కదా! పజిళ్ళ విషయంలో అంతకంటే ఎక్కువగా జరుగుతోంది. ఎవరో ఒక సుడోకు చేతిలో పెడతారు, రాదు, దానితో మొత్తం ప్రపంచమే మూతపడుతుంది.

మనం పజిళ్ళను ముడిసరుకును బట్టి విడదీస్తాం: మాటలవి, అంకెలవి, బొమ్మలవి, చెక్కముక్కలవి. ఎంచుకునేవాడికి ఈ విభజన పెద్దగా అక్కరకు రాదు. సుడోకు నిండా అంకెలే ఉన్నా అందులో కూడిక కూడా లేదు. ముగ్గులో ఒక్క అంకె కనబడకపోయినా లోపలున్నది గణితమే. నా మటుకు నాకు ఒక్కటే కొలత పనికొచ్చింది: చిక్కుకుపోయినప్పుడు ఆ పజిల్ మనచేత ఏం చేయిస్తుంది? ఎందుకంటే ఏ పజిల్‌లోనైనా గెలుపు క్షణమాత్రం, మిగతా సమయమంతా చిక్కులోనే గడుస్తుంది. ఆ గడపడం ఇష్టమైతే ఆ పజిల్ మనది. విడివడిన క్షణం అందరికీ ఒకేలా తియ్యగా ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏదీ తేల్చుకోలేం.

ముందు పొడుపు కథ. వేసవి రాత్రి డాబా మీద పక్కలు పరిచాక మా నాయనమ్మ ఒక్కొక్కటే వేసేది. తెల్లటి చేలో నల్లటి గింజలు, చేత్తో చల్లడం, నోటితో ఏరుకోవడం. చాలామందికి తెలిసిందే, కాగితం మీద రాత. ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. చేను అబద్ధం, గింజలు అబద్ధం. చల్లడం, ఏరడం మాత్రం నిజానికి దగ్గరగా ఉన్నాయి. పొడుపు కథల్లో చాలావాటికి ఇదే తాళంచెవి: నామవాచకాన్ని అనుమానించాలి, క్రియను నమ్మాలి. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తట్టింది. చిన్నప్పుడు మాత్రం చేను, చేను అనుకుంటూ పొలాలన్నీ తిరిగేవాణ్ణి.

పొడుపు కథ దగ్గర చిక్కుకుంటే చేయడానికి పనేమీ ఉండదు. మెట్టు మీద మెట్టు లేదు, కొట్టేసి మళ్ళీ రాసేది లేదు. మనసులో నానబెట్టుకుని వేరే పని చూసుకోవాలి. అంట్లు తోముతుంటేనో బస్సులో కిటికీ పక్కన కూర్చుంటేనో హఠాత్తుగా విడుస్తుంది. అలా నానబెట్టడం కొందరికి మహా ఇష్టం, కొందరికి నరకం. రెండో రకంవాళ్ళు తమకు తెలివి లేదని అనుకోనక్కర్లేదు.

ఈ ఆటకు మన దగ్గర చాలా పాత గౌరవం ఉంది. కామసూత్రం చెప్పే అరవైనాలుగు కళల్లో ప్రహేళిక ఒకటి. దండి కావ్యాదర్శంలో ప్రహేళికలను పదహారు రకాలుగా విడదీసి, వాటి ఉపయోగాలు కూడా చెప్పాడు: గోష్ఠుల్లో వినోదానికి, గుంపులో ఉండగానే తెలిసినవాళ్ళు రహస్యంగా మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి. మూడూ ఇప్పటికీ చెల్లుతాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకు తెలియకూడని విషయాలు మాట్లాడుకున్న తీరు ఆ రెండో పద్దులోకే వస్తుంది.

పొడుపు కథకు గళ్ళు గీస్తే నుడికట్టు. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో కూర్చిన గళ్ళతో ఇది మొదలైంది. అప్పుడు దాని పేరు ‘వర్డ్-క్రాస్’. తర్వాత మాటలు తారుమారై క్రాస్‌వర్డ్ అయింది. తెలుగులోకి వచ్చేసరికి దీనికి మంచి పేర్లు పెట్టారు. ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ కూర్చాడు, శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అన్నాడు. ఆధునిక కవిత్వానికి దారి వేసిన ఇద్దరు ఈ గళ్ళలోనూ కూర్చున్నారంటే ఇది కాలక్షేపం సరుకు కాదని తెలుస్తుంది.

తెలుగు నుడికట్టు ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌కు నకలు కాదు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఇంగ్లీషులో గడికి ఒక లెటరు, మొత్తం ఇరవై ఆరు. మన గడిలో ఒక అక్షరం కూర్చుంటుంది, గుణింతంతో, ఒత్తుతో, సున్నతో సహా. ‘స్త్రీ’ ఒక్క గడే. ‘రామాయణం’ ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది గళ్ళు, మనకు నాలుగు. దీనివల్ల రెండు ఫలితాలు. కూర్చేవాడికి కష్టం, ఎందుకంటే అడ్డం మాటలో ‘కి’ పడితే నిలువు మాటకూ సరిగ్గా ‘కి’ కావాలి, ‘కీ’ కుదరదు. పూరించేవాడికి లాభం, ఎందుకంటే ఒక్క అక్షరం తెలిసినా సగం మాట తెలిసినట్టే. గళ్ళు కుదరని చోట కూర్పరులు ‘కొస లేదు’, ‘తడబడింది’, ‘అటు నుంచి’ అని ఆధారాల్లో ఒప్పుకుంటారు. దీన్ని లోపం అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం తెలుగు నుడికట్టు అసలు రుచి అక్కడే ఉందనిపిస్తుంది, ఎందుకంటే ఆ తడబాటును ఆధారంలోనే దాచవచ్చు.

‘తల తిప్పితే తీగ కనిపించింది (2)’. తలను అక్షరాలా తిప్పండి, లత. ‘కడప వెనక్కి తిరిగి నిద్రకు సిద్ధమైంది (3)’. పడక. ‘మా తెగతెంపుల కాగితాలు గుమ్మానికి కట్టారు (5)’. మా, విడాకులు, కలిపితే మావిడాకులు. పైకి ఒక వాక్యం, లోపల ఒక ఆదేశం. పొడుపు కథలో నామవాచకాన్ని అనుమానించాం. ఇక్కడ వాక్యం అర్థాన్నే మొత్తంగా అనుమానించి, రాతను మాత్రం నమ్మాలి. తెలుగుకు ఇందులో పుట్టుకతో వచ్చిన బలం ఉంది. సంధుల వల్ల మాటలు ఎక్కడ అతుక్కున్నాయో కనబడదు, ఎక్కడైనా విరవవచ్చు. ‘మరా మరా’ అని జపిస్తే ‘రామ రామ’ అయిందనే వాల్మీకి కథ ఇంటింటా తెలిసిన జాతికి ఈ ఆట ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఒక చిన్న ఇబ్బంది ఉంది: సున్నతో ముగిసే మాటలు తిరగబడవు. ‘రసం’ తిప్పితే ‘సంర’ అవుతుంది. మన నామవాచకాలు ఎన్నో సున్నతో ముగుస్తాయి కాబట్టి కూర్పరికి సగం కోశం అక్కడే చేజారుతుంది.

నుడికట్టులో చిక్కుకున్నప్పుడు మనం ఒంటరిగా ఉండం. ఈ ఆధారం విడకపోతే దాన్ని ఖండించే నిలువు మాట సాయం వస్తుంది. అందుకే పొడుపు కథ దగ్గర కుదురు లేనివాళ్ళకు కూడా నుడికట్టు పడుతుంది. ఇంట్లో నలుగురూ కలిసి పూరించడానికి దీన్ని మించింది నేను చూడలేదు. పురాణాల మాట తాతయ్యకు తెలుస్తుంది, సినిమా పేరు అత్తయ్యకు, క్రికెటర్ పేరు పిల్లాడికి.

అవధానాన్ని కూడా ఈ కుటుంబంలోనే చేర్చాలి. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అసంబద్ధంగానో అశ్లీలంగానో వినబడే పాదం ఇస్తాడు. అవధాని దాని ముందు మూడు పాదాలు కట్టి, విరుపు మార్చి, నిష్కళంకం చేస్తాడు. నిషిద్ధాక్షరిలో ప్రతి అక్షరం దగ్గరా ఒక అక్షరం వాడకూడదంటారు. దత్తపదిలో నాలుగు పరాయి మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటారు. సభలో కూర్చుని చూసే మనకు కూడా అది పజిలే. ‘దీన్ని ఎలా విరుస్తాడు’ అని పక్కవాడికంటే ముందు ఊహించడానికి ప్రయత్నిస్తాం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసిన సభలకు జనం ఎగబడ్డారంటే అందులో ఈ ఊహించే సరదాకూ వాటా ఉండి ఉంటుందని నా నమ్మకం.

సుడోకు దీనికి పూర్తిగా ఎదురు ధ్రువం. పేరు జపానుదే గానీ పుట్టింది అమెరికాలో. 1979లో డెల్ సంస్థ పజిల్ పత్రికలో ‘నంబర్ ప్లేస్’ పేరుతో వచ్చింది, రూపకర్త హోవర్డ్ గార్న్స్ అనే వాస్తుశిల్పి. 1984లో జపానులో నికోలి సంస్థ తీసుకుంది. దాని అధిపతి మాకి కాజి పేరు పెట్టాడు. ఇచ్చే అంకెలు 32కు మించకూడదని, అవి గళ్ళలో సౌష్ఠవంగా కూర్చోవాలని ఆ తర్వాత నియమం పెట్టారు. హాంకాంగ్‌లో జడ్జిగా పనిచేసి విరమించిన వేన్ గౌల్డ్ వీటిని తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకుని లండన్ ‘టైమ్స్’ను ఒప్పించాడు. 2004 నవంబరు 12న అక్కడ మొదటిది పడింది. ఏడాది తిరిగేసరికి లోకమంతా పాకింది. 2008లో ప్రపంచ సుడోకు పోటీలు గోవాలోనే జరిగాయి.

పూర్తిగా నిండిన సుడోకు పలకలు 6,670,903,752,021,072,936,960 ఉన్నాయని 2005లో లెక్క తేల్చారు. ఒకే జవాబు ఉండాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాల్సిందేనని, 16తో కుదరదని 2012లో ఐర్లండ్ గణితవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్లతో వెతికి చెప్పింది. ఇవన్నీ గొప్ప సంగతులే. పూరించేవాడికి తెలియాల్సింది మాత్రం వేరు: సుడోకులో మెరుపు కోసం ఎదురుచూడక్కర్లేదు. చిక్కుకున్నామంటే ఎక్కడో ఒక వరసను సరిగా చూడలేదని అర్థం. జవాబు అక్కడే, ఆ గళ్ళలోనే ఉంది, బయటి జ్ఞానం ఏదీ వద్దు. రోజంతా ఇతరుల నిర్ణయాల మధ్య నలిగిన మనిషికి ఇది పెద్ద ఊరట. ఊహించి అంకె రాసేవాడికి మాత్రం ఇది ఎప్పటికీ అచ్చిరాదు. పది గళ్ళ తర్వాత తప్పు బయటపడుతుంది, ఎక్కడ మొదలైందో తెలియదు, కాగితం చించేస్తాడు. ‘సుడోకు నాకు పడదు’ అన్నవాళ్ళ దగ్గర కూర్చుని చూసిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది. పెన్సిలుతో, ప్రతి గడి మూలలో అక్కడ వీలైన అంకెలన్నీ చిన్నగా రాసుకుంటూ ఒక్కసారి ప్రయత్నించాకే తీర్పు చెప్పాలి.

కంప్యూటర్ గుట్టలుగా పోసే సుడోకులకూ చేత్తో కూర్చినవాటికీ తేడా ఉంది. చేతి కూర్పులో ఒక దారి ఉంటుంది. ఇక్కడ ఇబ్బంది పెట్టి, అక్కడ తలుపు తీద్దామని ఎవరో అనుకున్న జాడ తెలుస్తుంది. సుడోకు విసుగెత్తినవాళ్ళు నికోలి వాళ్ళ ఇతర పజిళ్ళు చూడాలి. చుక్కల మధ్య ఒకే కంచె గీసే స్లిథర్‌లింక్, కూడికలతో గళ్ళు నింపే కకురో. ఇద్దరు జపానీయులు 1987లో విడివిడిగా కనిపెట్టిన నోనోగ్రామ్‌లో అంకెల ప్రకారం గళ్ళు నలుపు చేస్తూ పోతే చివరికి బొమ్మ తేలుతుంది. తర్కం నచ్చి, ప్రతిఫలం మరీ పొడిగా ఉందనిపించేవాళ్ళకు అదే సరైనది.

లెక్కల కథలు ఇంకో కొమ్మ. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో వేసిన తుమ్మెదల లెక్కే తీసుకోండి. గుంపులో ఐదోవంతు కదంబానికి, మూడోవంతు శిలీంధ్ర పువ్వుకు, ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు కుటజానికి వెళ్ళాయి. ఒక్కటి మాత్రం గాలిలో తిరుగుతోంది. మొత్తం పదిహేను. మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, కాబట్టి తెలుగులోనూ లెక్కకూ పద్యానికీ చుట్టరికం పాతదే. ఈ కొమ్మకు అలవాటు పడితే ఒక ప్రశ్న ఎప్పుడూ వెంటాడుతుంది: వెతికి పట్టుకోవాలా, ఒక్కసారిగా చూడాలా? 1914 డిసెంబరు ‘స్ట్రాండ్’ పత్రికలో పజిళ్ళ కూర్పరి డ్యూడెనీ వేసిన ప్రశ్న ఇది. ఒక వీధిలో ఇళ్ళకు 1 నుంచి వరసగా నంబర్లు. ఒక ఇంటికి ఒకవైపున్న నంబర్ల మొత్తం, రెండోవైపున్న మొత్తానికి సమానం. ఇళ్ళు యాభైకి పైన, ఐదువందల లోపు. ఆ ఇల్లు ఏది? కేంబ్రిడ్జిలో మహలనోబిస్ దీన్ని తడుముకుంటూ సాధించి, పొయ్యి మీద కూరగాయలు వేయిస్తున్న రామానుజన్‌కు చదివి వినిపించాడు. రామానుజన్ గరిటె తిప్పుతూనే అలాంటి వీధులన్నిటికీ సరిపోయే జవాబు చెప్పాడు. ఈ ఒక్క వీధికి జవాబు 288 ఇళ్ళలో 204వది. తడుముకున్నవాడి ఆనందం తక్కువదని ఎవరూ అనలేరు. మహలనోబిస్ సంబరపడ్డాడు కాబట్టే కదా చదివి వినిపించాడు!

ఇక చేతుల దగ్గరికి. లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ 1760ల్లో దేశాల పటాన్ని చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే వస్తువుగా అమ్మాడు. జిగ్‌సా పజిల్ అక్కడ మొదలైంది. మన బళ్ళలో రాష్ట్రాల చెక్కముక్కల పటం దానికి నేరుగా మనవడు. 2014 జూన్ 2కు ముందు కొన్న పటాల్లో మనది ఒకటే పెద్ద ముక్క. ఇప్పుడు రెండు. జిగ్‌సాలో చిక్కు అంటూ దాదాపు లేదు, ఓపికే ఉంది. అంచుముక్కలు ఏరి పెట్టి వెళ్ళిపోవచ్చు, సాయంత్రం ఇంకొకరు వచ్చి రెండు ముక్కలు పెట్టవచ్చు. అందుకే మాటలు తగ్గిపోయిన ఇంట్లో ఒక బల్ల మీద వెయ్యి ముక్కల బొమ్మ పరిచి ఉంచడం మంచిదని చాలామందికి చెప్పాను. ఎవరూ ఎవర్నీ పలకరించక్కర్లేదు, ముక్క అందిస్తే చాలు.

చేతి పజిళ్ళలో నాకు అన్నిటికంటే లోతుగా కనిపించేది మాత్రం మన వాకిట్లోదే. మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ గీత తిరిగి, చెయ్యి ఎత్తకుండా మొదటికి రావాలి. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్యను తేల్చినప్పుడు చెప్పిందేమిటంటే, ఒకే గీతలో అంతా చుట్టి మొదటికి రావాలంటే ప్రతి కూడలిలో కలిసే దారులు సరిసంఖ్యలో ఉండాలి. మెలికల ముగ్గులో ప్రతి దాటు దగ్గరా నాలుగు కొసలు, కాబట్టి ఆ షరతు ఎప్పుడూ తీరుతుంది. ఆడవాళ్ళు మాత్రం అంతకంటే కఠినమైన నియమం పెట్టుకున్నారు: దాటు దగ్గర గీత మలుపు తిరగకూడదు, సూటిగా పోవాలి. అప్పుడు ముగ్గు ఒకే తీగగా వస్తుందా, విడి తీగలుగా చీలుతుందా అన్నది చుక్కల లెక్క మీద ఆధారపడుతుంది. పక్కపక్క చుక్కల మధ్య ప్రతిచోటా గీత దాటేలా అల్లండి. రెండు వరసలు, వరసకు రెండు చుక్కలు పెడితే రెండు తీగలొస్తాయి. రెండు వరసలు, మూడేసి చుక్కలయితే ఒకటే తీగ. మూడుకు మూడయితే మూడు, మూడుకు నాలుగయితే మళ్ళీ ఒకటే. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, తీగలు అన్ని. బళ్ళో గసాభా అని బట్టీపట్టింది ఇదే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, ఆయన సహచరులు 1970ల్లో కోలాల (తమిళ ముగ్గుల) మీద పరిశోధన చేసి, వాటికి వ్యాకరణం రాయవచ్చని చూపించారు. ‘పజిళ్ళు మాకెక్కడ వస్తాయి’ అనే అమ్మలు ధనుర్మాసమంతా తెల్లవారుజామున ఈ పనే చేస్తున్నారు. వాళ్ళను అలా అననివ్వకూడదు.

తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ పలకల ఆట గుర్తుందా, పదిహేను అంకెలు జరిపి వరసలో పెట్టేది? 1880లో అమెరికాను ఊపేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో పోస్టుమాస్టరుగా ఉన్న నోయెస్ చాప్‌మన్ దీని సృష్టికర్త. తనదేనని జీవితాంతం చెప్పుకున్నది పజిళ్ళ కూర్పరి శామ్ లాయిడ్. 14, 15 తారుమారైన పలకను సరిచేస్తే వెయ్యి డాలర్లని కూడా ప్రకటించాడు. అది అసాధ్యమని 1879లోనే గణిత పత్రికలో రుజువైంది. ఒక పజిల్‌కు జవాబు లేదని రుజువు చేయడం కూడా విడుపే. ఆ రకం విడుపులో ఆనందం దొరికినవాళ్ళు గణితానికి పుట్టినవాళ్ళు. ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ 1883లో, మూడు మేకుల మధ్య బిళ్ళలు ఒక్కొక్కటిగా జరిపే హనోయ్ గోపురాన్ని అమ్ముతూ, కాశీ గుడిలో 64 బంగారు బిళ్ళలు జరుపుతున్నారనే కథ కల్పించాడు. సెకనుకొకటి చొప్పున జరిపినా 58,500 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మన ఇంజనీరింగ్ పిల్లలకు అది రికర్షన్ పాఠంగానే తెలుసు. మూడు బిళ్ళలతో చేత్తో ఆడి చూస్తే ఆ పాఠం వేరే రకంగా ఎక్కుతుంది.

రూబిక్ క్యూబ్ సంగతి వేరు. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ చేసిన ఈ ఘనానికి 43,252,003,274,489,856,000 స్థితులున్నాయి. ఎంత కలిపినా ఇరవై తిప్పులకు మించకుండా సరిచేయవచ్చని 2010లో తేలింది. తాను చేసిన దాన్ని తానే సరిచేయడానికి రూబిక్‌కు దాదాపు నెల పట్టింది. ఇప్పటి పిల్లలు వీడియోలో క్రమాలు చూసి వారంలో నేర్చుకుంటున్నారు. క్రమం నేర్చుకున్నాక అది పజిల్‌గా మిగలదు, వాద్యం అవుతుంది. వేళ్ళ వేగం, సాధన, సెకన్లు. అదీ గొప్పదే. కాకపోతే చిక్కు విప్పే ఆనందం కోసం వచ్చినవాళ్ళు నెలో రెండు నెలలో ఎవరి సాయమూ లేకుండా దానితో కుస్తీ పట్టాలి. ఒకసారి క్రమం తెలిసిపోతే ఆ అవకాశం తిరిగి రాదు.

కథగా వచ్చే తర్కానికి మన దగ్గర బేతాళుడున్నాడు. చందమామ దశాబ్దాల పాటు ప్రతి నెలా ఒక కథ చెప్పి, సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించింది. ఆ ప్రశ్నల్లో గడిలో పట్టే జవాబు ఉండదు, న్యాయం ఎవరి వైపు అన్న వాదన ఉంటుంది. పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని విక్రమార్కుడి కంటే ముందు జవాబు చెప్పుకున్న పిల్లలు ఎందరో. నిజాలే చెప్పేవాళ్ళు, అబద్ధాలే చెప్పేవాళ్ళు ఉండే ద్వీపం మీద రేమండ్ స్మల్యన్ 1978లో రాసిన పుస్తకం ఈ ఇష్టం ఉన్నవాళ్ళకు తర్వాతి మెట్టు. వర్డిల్ లాంటి రోజుకొకటి చొప్పున వచ్చే ఆటల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రోజుకు ఒకటే ఇవ్వడమే వాటి గొప్ప.

‘పజిళ్ళు చేస్తే మతిమరుపు రాదు’ అనే మాట విస్తారంగా అమ్ముడుపోతోంది. మెదడు ఆటలు అమ్మే లూమోసిటీ సంస్థ తన ప్రకటనల్లో చేసిన వాగ్దానాలకు తగిన శాస్త్రాధారం చూపలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టగా, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. సుడోకు చేసేకొద్దీ సుడోకులో మెరుగవుతాం, అంతవరకు ఖాయం. మందులా మింగమని పెద్దవాళ్ళ ముందు సుడోకు పుస్తకం పెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. పేకముక్కలు పంచుకోవడమో నుడికట్టు పూరించడమో ఇష్టమైన మనిషిచేత రోజూ ఇష్టం లేని అంకెలు నింపించడం శిక్ష.

ఎంచుకునేటప్పుడు ఒక్కో రకానికి మూడు అవకాశాలివ్వడం మంచిది. మొదటిది నియమాలు తెలుసుకోవడానికే పోతుంది, రెండోది తప్పులకు పోతుంది, మూడోదాంట్లో ఇష్టం తెలుస్తుంది. పక్కన పెట్టాక కూడా మనసు దాని చుట్టూ తిరుగుతుంటే అది మీది. జవాబు చూడవచ్చా అని అడుగుతారు. రకాన్ని బట్టి ఉంటుంది. తిరకాసు ఆధారాల నుడికట్టు నేర్చుకునేవాళ్ళు మొదటి నెల జవాబులు ముందు చూసి, ఆధారం ఎలా పనిచేసిందో వెనక్కి నడిచి కనుక్కోవాలి. వేరే దారి లేదు. సుడోకుకు జవాబు చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు. పొడుపు కథకు కనీసం ఒక రాత్రి గడవనివ్వాలి. బల్ల చుట్టూ కూర్చున్న ఆ ఎనిమిది మందిని కూడా ఉద్యోగం వచ్చాక ఒక ఆదివారం మళ్ళీ పలకరించి చూడండి.

ఇష్టం కుదిరిందని నిర్ధారణగా తెలిసే ఘడియ ఒకటుంది. పూరించేవాడికి తనే ఒకటి కూర్చాలనిపిస్తుంది. మా బంధువుల ఇంట్లో పదేళ్ళ అమ్మాయి ఉంది. లెక్కలంటే భయం, సుడోకు ముట్టదు. నుడికట్టు మాత్రం తాతయ్య పక్కన కూర్చుని చూస్తుంటుంది. పోయిన సంక్రాంతికి వెళితే నోటుబుక్కులోంచి చించిన కాగితం మడిచి నా జేబులో పెట్టింది. ఎవరికీ చూపించకుండా నేనే విప్పాలట. అందులో పెన్సిలుతో రాసి ఉన్నది ఇది: ‘కుశుడి తోడబుట్టినవాణ్ణి తిరగేస్తే చేపలు చిక్కాయి. రెండక్షరాలు.’